ఒక పాత టోపీ పరీక్ష

నిరుడు సంక్రాంతికి నా పూర్వశిష్యుడొకడు మా గ్రామమునకు వచ్చి, ఒక అట్టపెట్టె నా ముందుంచి, "మాస్టారుగారూ, ఇందులోని వస్తువు ఏ కాలపుదో, ఎట్టివారిదో మీరు నిర్ణయించి చెప్పవలెను" అని కోరినాడు. అతడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒహాయో రాష్ట్రమునకు రాజధానియైన కొలంబస్ నగరమున పదునైదేండ్లుగా ఉద్యోగము చేయుచున్నాడు. మూత తీయగా అందొక పాత టోపీ కనబడెను. నల్లనిదేమో యని భ్రమ గొలుపు ముదురు నీలిరంగు ఉన్నిగుడ్డ. పైభాగము పళ్లెమువలె వెడల్పై గుండ్రముగా నున్నది. నొసటిమీదికి చూరువలె వంగిన నల్లని తోలు. దానిపై ఒక సన్నని పట్టీ. పట్టీకి ఇరుప్రక్కల రెండు ఇత్తడి గుండీలు. ముందువైపున జరీతో కుట్టిన ఆకులదండ, దండ నడుమ ఒక గుర్తు, దాని క్రింద ఓ, ఎస్, యు అను మూడు ఇంగ్లీషు అక్షరములు గలవు. అరుగుమీద కూర్చుండిన పెద్దలలో ఒకరు ఆ గుర్తును చూచి తిరునామమనిరి, మరియొకరు ఎద్దుకొమ్ములనిరి. నాకును మొదట పోలిక తెలియలేదు.

దాని వృత్తాంతమిది. నా శిష్యుని ఇంటిప్రక్కన ఎనుబదియేండ్ల అమెరికను వృద్ధుడొకడు కలడు. "మా తాతగారు ఈ టోపీ పెట్టుకొని ఫ్రాన్సు దేశమున జర్మనులతో యుద్ధము చేసినారు" అని ఆ ఇంటివారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. వృద్ధుడు దానిని అద్దాలపెట్టెలో నుంచి, క్రింద ఇత్తడి రేకుపై ఆ మాటయే చెక్కించి, తన మనుమనికి ఇచ్చి పోవలెనని సంకల్పించినాడు. ఇంతలో పాతవస్తువుల అంగడివాడొకడు చూచి, "ఇది రైలుబండి గార్డు టోపీ" యని నవ్వెనట. అప్పటినుండియు ఆ వృద్ధునికి నిదుర లేదు.

సర్కారు దఫ్తరములలో తాతగారి సైనికోద్యోగపు కాగితములుండవా యని నేనడిగితిని. అచ్చట నొక దుర్ఘటన జరిగినది. సెయింట్ లూయిస్ నగరమున అట్టి కాగితములు దాచిన భవనమునకు 1973 జూలై 12న నిప్పంటుకొనెను. 1912 నవంబరు మొదలు 1960 జనవరి 1 వరకు భూసేననుండి విడుదలైనవారి కాగితములలో నూటికి ఎనుబది పాళ్లు భస్మమయ్యెను. వృద్ధుడు వ్రాసి అడుగగా, తాతగారి కాగితములు దొరకలేదని జవాబు వచ్చినదట. కావున ఆ ఇంటికి మిగిలిన సాక్షి యీ టోపీయొక్కటే.

"అమెరికా టోపీలను గూర్చి నాకేమి తెలియును?" అంటిని. "తాటాకు ప్రతి చూపి, వ్రాత పోకడనుబట్టి కాలము కనుగొను విధము మీరే మాకు నేర్పినారు. ఆ కంటితోనే దీనినిని చూడుడు. ఆ దేశపు సంగతులు నేను వెదకి చెప్పెదను" అని శిష్యుడు పట్టు విడువలేదు. అంతట తర్కశాస్త్రమును తలచుకొని, ఇంటివారి మాటను, అంగడివాని మాటను రెంటిని ప్రక్కకు పెట్టి, ముందు ప్రత్యక్షముతో మొదలుపెట్టితిమి.

లోపల తలకు తగులు తోలుపట్టీపై 7 1/8 అను అంకె కలదు. శిష్యుడు దీనిని 7వ పటాలపు సంఖ్య యనుకొనియుండెను. పటాలమునకు ఎనిమిదవ వంతు ఎక్కడనుండి వచ్చును? దర్జీవాని టేపు తెప్పించి లోపలి చుట్టు కొలువగా 22 3/8 అంగుళములు తేలెను. దానిని 3.1416 చేత భాగింపగా వచ్చునది 7 1/8. పరిధి తెలిసిన వృత్తమునకు వ్యాసము కనుగొను లెక్కను మేము ఎనిమిదవ తరగతి పిల్లలకు చెప్పుదుము. అమెరికనులు టోపీ కొలతను ఆ వ్యాసముతోనే చెప్పుదురట. పటాలము మాయమై తల మిగిలినది.

అదే పట్టీపై సగము చెరిగిన బంగారు అక్షరములలో "ఎం. సి. లిల్లీ అండ్ కంపెనీ, కొలంబస్" అని యున్నది. ఇది 1865లో కొలంబస్ నగరమున పుట్టిన కంపెనీ; కత్తులు, టోపీలు, అలంకారపు దుస్తులు చేయించి అమ్మెడిది. "ఇంకేమి! టోపీ మా నగరపుదే" యని శిష్యుడు సంతోషపడెను. తొందరపడవద్దంటిని. ఆ కంపెనీ దేశమంతటికిని సరకు పంపినది. కొండపల్లి బొమ్మ ఇంట నున్నంత మాత్రమున ఆ ఇంటివారు కొండపల్లి వారగుదురా? దీనినే మన తార్కికులు అనైకాంతిక హేతువందురు; సాధ్యము లేనిచోట గూడ కనబడు హేతువు. గుండీలపై రెక్కలు చాచిన గ్రద్దబొమ్మయు అట్టిదే. అది అమెరికా సైన్యపు చిహ్నమే యైనను, సైనికశిక్షణ పొందు విద్యార్థుల దుస్తులపైనను అదే గ్రద్ద యుండెడిది.

తరువాత ఆకారము చూచితిమి. 1861 మొదలు 1865 వరకు జరిగిన వారి అంతర్యుద్ధమున సిపాయిల టోపీ పైభాగము మెత్తగా ముందునకు వాలియుండెడిది. 1895లో సైన్యమువారు నిటారు అంచుల పొట్టి టోపీని, 1902లో పైన వెడల్పైన గుండ్రని టోపీని ప్రవేశపెట్టిరి. మన ముందున్నది ఈ మూడవ జాతిది. కనుక 1902కు ముందుది కాదు. అయితే పాఠశాలలును మేళములును సైన్యమును చూచి, సైన్యము విడిచిన పిమ్మటగూడ ఆ ఆకారమునే వాడుకొనును. ఆకారము క్రింది హద్దు చెప్పును గాని పై హద్దు చెప్పజాలదు.

ఇక మూడక్షరములు. ఆ అక్షరములతో వ్యవహరింపబడు విశ్వవిద్యాలయములు నేడు మూడు కలవు: ఒహాయో స్టేట్, ఓక్లహోమా స్టేట్, ఓరెగన్ స్టేట్. ఇచ్చట మేము రెండు గడియలు చిక్కుపడితిమి. అప్పుడు నాకొక యూహ తోచెను. ఊరిపేర్లు మారినట్లే విద్యాలయముల పేర్లును మారును గదా; ఏది ఎప్పటినుండి ఆ పేరు ధరించినదో చూడుమంటిని. ఓక్లహోమా వారికి యూనివర్సిటీ యను పేరు 1957లో వచ్చినది. ఓరెగన్ వారికి 1961లో. ఒహాయో వారిదో, 1870లో వ్యవసాయ యంత్రవిద్యా కళాశాలగా పుట్టి 1878లోనే స్టేట్ యూనివర్సిటీ యయ్యెను. లిల్లీ కంపెనీ యన్ననో, హెండర్సన్-ఏమ్స్ అను మరియొక కంపెనీతో కలిసి పేరు మార్చుకొని, 1957 నాటికి ఆ పాత పేరుతో లేదు. ఇందాక స్థలము చెప్పలేకపోయిన కంపెనీ పేరు ఇప్పుడు కాలము చెప్పినది. ఆ కాలము అక్షరములతో కలిసి స్థలము చెప్పినది. విడివిడిగా నిలువలేని హేతువులు ఒకదాని భుజముపై ఒకటి చేయి వేసి నిలిచినవి.

కడపట ఆ తిరునామము. శిష్యుడు తన చేతిఫోనులో బొమ్మలు వెదకి తెచ్చి చూపగా, అది లైర్ అను గ్రీకుల ప్రాచీన తంత్రీవాద్యమని తెలిసినది. రెండు వంపు కొమ్ముల నడుమ తంత్రులు బిగించి యుండును. మన కిన్నెరకు దూరపు చుట్టమనవచ్చును. పాశ్చాత్యుల సైన్యములలో వాద్యగాండ్రకు ఇదే గుర్తు. రైలు గార్డునకు దీనితో పని లేదు. కాబట్టి ఇది ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు బ్యాండుమేళములోని విద్యార్థి టోపీ యని తేల్చితిమి.

"చదువుల గుడిలో సిపాయి వేషమేల?" అని అరుగుమీది పెద్దలొకరు ప్రశ్నించిరి. సేద్యము చేయువారు వినదగిన సంగతి గనుక కొంచెము విస్తరించి చెప్పెదను. 1862 జూలై 2న అబ్రహాము లింకను మహాశయుడు మోరిల్ చట్టముపై సంతకము చేసెను. అప్పటికి అంతర్యుద్ధము జరుగుచున్నది. ఆ చట్టమువలన ఒక్కొక్క రాష్ట్రమునకు, దాని తరఫున కాంగ్రెసులో కూర్చుండు ఒక్కొక్క సభ్యునికి 30,000 ఎకరముల చొప్పున సర్కారు భూమి లభించెను. ఆ భూమి అమ్మగా వచ్చిన సొమ్ముతో వ్యవసాయమును యంత్రవిద్యయు బోధించు కళాశాలలు పెట్టవలెను. అందు సైనికశిక్షణయు చేర్చవలెను. నాగలియు తుపాకియు ఒకే బడిలో చేరినది ఇట్లు. కవాతునకు అడుగు కలియవలెనన్న తాళము కావలెను గదా! 1878లో ఒహాయో స్టేట్ విద్యార్థులు పిల్లనగ్రోవులతోను డోళ్లతోను మేళము కట్టిరి. నేటి వారి ప్రసిద్ధ బ్యాండునకు అదే మూలము. 1936 అక్టోబరు 10న ఆ మేళమువారు నడచుచు వాయించుచు మైదానమున తమ రాష్ట్రపు పేరును గొలుసుకట్టు వ్రాతలో తీర్చిరి. ఆ వేడుక నేటికిని సాగుచున్నది. స్త్రీలను మేళమున చేర్చుకొన్నది మాత్రము 1973లోనే.

ఈ భూదాన కళాశాలల పద్ధతి మనకును పరాయిది కాదు. 1964లో స్థాపింపబడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు తోడ్పడినది కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయము. అదియు మోరిల్ చట్టపు సంతానమే. మన పిల్లలు ఖాకీ తొడిగి కవాతు చేయు ఎన్.సి.సి. 1948లో వచ్చినది.

పరీక్ష ముగిసినది గాని నా మనస్సు కుదుటపడలేదు. ఫ్రాన్సు రణభూమిని పోరాడిన అమెరికనులు ఆకుపచ్చ కలిసిన ఖాకీ దుస్తులను, ఉక్కు టోపులను ధరించిరి. ఈ జరీ కుట్టిన నీలి టోపీని కాదు. ఈ మాట ఆ వృద్ధునితో చెప్పుటెట్లు?

నేనొకప్పుడు చేసిన అపరాధము జ్ఞప్తికి వచ్చెను. ముప్పదియేండ్ల క్రిందట ఒక గ్రామమున ఒక కుటుంబమువారు, తమ పూర్వులకు జమీందారు ఇచ్చిన మాన్యపు పట్టా యని, దేవునిగదిలో పూజించు తాటాకులను నాచేత చదివించిరి. నేను చదివి, పదుగురు వినుచుండగా, "ఇది పట్టా కాదు, పుట్టెడు వడ్లకు వ్రాసికొన్న అప్పు పత్రము" అని బిగ్గరగా ప్రకటించితిని. సభలో నా పాండిత్యము మెరసినది. ఆ ఇంటి ముసలమ్మ ఆ యాకులను మరల దేవునిగదిలోనికి తీసికొనిపోక, చూరులో చెక్కినది. మరుసటియేడు వానకు తడిసి అవి చీకిపోయినవని వింటిని. వానియందు నాలుగు తరముల పేర్లుండెను. నేనైనను వ్రాసి యుంచుకొనలేదు. అప్పటివలె ఇప్పుడును నేను చెప్పినది అబద్ధము కాదు. కాని పత్రము ఏది కాదో చెప్పి, ఏదియో చెప్పుట మరచితిని.

కనుక శిష్యునితో ఇట్లంటిని: "నాయనా! టోపీ యుద్ధమునకు పోలేదన్నంత మాత్రమున తాతగారు పోలేదని సిద్ధించదు. చదువు ముగిసినవాడు వేరు టోపీతో పోయి యుండవచ్చును. ఈ టోపీ ఆయనదే యనుటకు గూడ ఇంటివారి మాట తప్ప మనకు ఆధారము లేదు. లోపల సిరాతో వ్రాసిన రెండక్షరములలో ఒకటియే నిలిచియున్నది. ముందా విశ్వవిద్యాలయపు పుస్తకములు వెదకుము. పిదప ఆయనతో ఏకాంతమున మాటాడుము. రేకుమీద చెక్కదగినదేదో ముందు చెప్పి, చెక్కరానిది తరువాత చెప్పుము."

ఆ విద్యార్థులు "మకియో" యను సాంవత్సరిక సంపుటమును 1880 నుండి ప్రకటించిరి. శిష్యుడు తిరిగి వెళ్లి, గ్రంథాలయమున కూర్చుండి, 1902 తరువాతి సంపుటములను ఒక్కొక్కటిగా త్రిప్పినాడు. మూడవ ఆదివారమున నాకు ఫోను చేసెను. ఒక సంపుటమున బ్యాండువారి చిత్తరువు కలదు. వరుసలుగా నిలిచిన యువకులు, అందరి నెత్తిమీద ఈ టోపీయే. పేర్ల పట్టికలో తాతగారి పేరు కలదు. సిరాలో నిలిచిన అక్షరమును సరిపోయినది. నకలు తీయించి వృద్ధునికి ఇచ్చినాడట. ఆయన భూతద్దముతో చాలసేపు చూచి, యుద్ధము మాట ఎత్తక, "మా తాతగారు వాయించినది ఏ వాద్యము?" అని మాత్రమడిగెను. పుస్తకమున అది లేదు. వృద్ధుడు లేచి లోనికి పోయి, తల్లి గుండీలు దాచుకొన్న రేకుడబ్బా తెచ్చి బల్లమీద కుమ్మరించెనట. గుండీల నడుమ, దేనికో తెలియక ఆ ఇంటివారు డెబ్బదియేండ్లుగా దాచిన చిన్న ఇత్తడి గిన్నెవంటిది దొర్లినది. క్రింద సన్నని గొట్టము, పైన పెదవులానించు అంచు. అది బాకా మూతి.