మూటలు లెక్కపెట్టి పట్టుకున్న ఓపెనింగ్ స్టాక్

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కామర్స్ చదివే పిల్లలకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషిని. అందుకని పెద్ద విషయాల జోలికి పోకుండా, నేను తప్పు చేసిన ఒక లెక్క చెబుతాను.

మన పాపిరెడ్డిపట్టి పక్కల కర్రపెండలం సాగు, సగ్గుబియ్యం తయారీ మీకు కొత్త కాదు. గడ్డ చెక్కు తీసి, తురిమి, పాలు వడగట్టి తొట్లలో నిలవబెడతారు. అడుక్కు దిగిన పిండిని పూసలుగా చేసి, వేయించి, ఎండబెట్టి, 90 కిలోల మూటలు కడతారు. 1981లో సేలంలో ఏర్పడిన సాగోసర్వ్ సహకార సంఘంలోనూ ధర ఈ మూట మీదే పలుకుతుంది. మూట కట్టి గోదాములో చేరిందే తయారైన సరుకు. తొట్టిలోని పిండి, ఎండలో ఉన్న పూస ఇంకా సగం పనిలో ఉన్నట్టు.

ఏడాది మొదటి రోజున గోదాములో ఉన్న తయారైన సరుకే ఓపెనింగ్ స్టాక్. మామూలుగా దాన్ని లెక్క కట్టే పనే ఉండదు. నిరుటి క్లోజింగ్ స్టాకే ఈ ఏటి ఓపెనింగ్ స్టాక్. నిరుటి పుస్తకం లేనప్పుడే వెనక్కి నడవాలి. అమ్మలకు అర్థమయ్యేలా చెబుతాను. ఈ నెల 20 కిలోల బియ్యం వండారు, డబ్బాలో 5 కిలోలు మిగిలాయి, మధ్యలో కొన్నది 18 కిలోలు. అయితే నెల మొదట డబ్బాలో 7 కిలోలు ఉండి తీరాలి. ఫ్యాక్టరీలోనూ ఇంతే. అమ్మిన సరుకు ఖర్చుకు మిగిలిన సరుకు ఖర్చు కలిపి, ఆ ఏడు తయారైన సరుకు ఖర్చు తీసేయాలి.

కొన్నేళ్ళ కిందట నాకు తెలిసిన అన్నదమ్ములిద్దరు ఒక సగ్గుబియ్యం ఫ్యాక్టరీ నడిపేవారు. ఒక మార్చి 31న తమ్ముడు విడిపోయాడు. ఆనాటి సరుకులో సగం విలువ అతనికివ్వాలి. ఆ డబ్బుతో కూతుర్ని కాలేజీలో చేర్చాలని అతని ఆశ. పైసలు ఇవ్వడం ఏడాది వాయిదా పడింది. ఈలోగా వానకు కప్పు కారి ఆ పుస్తకం ముద్దయిపోయింది. లెక్క తేల్చమని నా దగ్గరికొచ్చారు.

అంకెలు గుండ్రం చేసి చెబుతున్నాను. విడిపోయాక వచ్చిన ఏడాదిలో తయారైన మూటలు 2,000. అమ్మినవి 2,100. మిగిలినవి 150. మూటకు ఖర్చు రూ. 3,000. అంతకు ముందు ఏడూ అంతే. అమ్మిన సరుకు ఖర్చు రూ. 63 లక్షలు, మిగిలింది రూ. 4.5 లక్షలు. గడ్డలు, కూలి, కరెంటు అన్నీ కలిపి ఫ్యాక్టరీ ఖర్చు రూ. 62 లక్షలు. నేను 67.5 లో నుంచి 62 తీసేసి, ఓపెనింగ్ స్టాక్ రూ. 5.5 లక్షలని రాసిచ్చాను.

అన్నకు చదువు అంతంతమాత్రం. కాగితం చూసి వేళ్ళు మడిచాడు. "ఏమప్పా, మూటల లెక్క చూస్తే ఆనాడు 250 ఉండాల. మూట రెండువేల రెండొందలేనా? ఆ ధరకు మేమెప్పుడు చేసినాము?" అన్నాడు. లెక్క తగ్గితే లాభం ఆయనకే. అయినా అడిగాడు.

నా తప్పు అప్పుడు కనబడింది. ఆ 62 లక్షల్లో కొంత తొట్లలోనే ఉంది. తొట్ల మేస్త్రీ నోటుబుక్కు తడవలేదు. సగం పనిలో ఉన్న సరుకు ఏడాది మొదట రూ. 1 లక్ష, చివర రూ. 3 లక్షలు. 62కు 1 కలిపి 3 తీసేస్తే, తయారైన సరుకు ఖర్చు రూ. 60 లక్షలే. 67.5 లో 60 పోతే రూ. 7.5 లక్షలు. 250 మూటలకు పంచితే సరిగ్గా మూటకు రూ. 3,000. తొట్ల సరుకు వాటా వేరే తేల్చారు, అది పక్కన పెడదాం.

పరీక్షలో ఇంకో గుంత ఉంటుంది. అమ్మకాల మొత్తం ఇచ్చి, అందులోని లాభం సంగతి వేరే వాక్యంలో దాస్తారు. లాభం తీసి ఖర్చు ధరకు దించాకే కూడికలోకి రానివ్వండి. సరుకుకు విలువ కట్టేది ఖర్చు ధర, అమ్మితే నికరంగా చేతికొచ్చే ధర, ఈ రెండింటిలో ఏది తక్కువో దానికి. మన అకౌంటింగ్ స్టాండర్డ్ 2 చెప్పేది అదే. వీలున్నచోట మూటల లెక్క, రూపాయల లెక్క రెండూ వేయండి. నేను ఒక్కటే వేశాను.

తమ్ముడికి తయారైన సరుకు కింద రూ. 2,75,000 రావలసింది రూ. 3,75,000 అయింది. ఆ అమ్మాయి ఆ జూన్‌లోనే కాలేజీలో చేరింది, కామర్స్ గ్రూపులో.