అవయవముల అచ్చు

ధూర్జటి కావ్యమున తిన్నడు తన కన్నే పెకలించి శివునకర్పించెను. నేటికిని మూత్రపిండము కావలెనన్న మరియొకరు ఇయ్యవలసినదే. ఉద్దానమున ఎందరో డయాలిసిస్ యంత్రముపై బ్రతుకుచున్నారు.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు రోగి జీవకణములనే సిరాగా గొని, పొరపై పొరగా అవయవమును అచ్చొత్తజూచుచున్నారు. తన సొత్తే గనుక దేహము దానిని త్రోసిపుచ్చదని వారి ఆశ. 2019లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయమువారు కుందేటి గుండెయంత గుండెను అచ్చొత్తిరి. కణములు ముడుచుకొన్నవి గాని కలసి నెత్తురు తోడనేరవయ్యెను. 2022లో అమెరికాలో ఒక యువతికి అచ్చొత్తిన చెవి అమర్చిరి. మెచ్చదగినదే, కాని చెవి మృదులాస్థిలో నెత్తుటి కాలువలే యుండవు.

లోపలి అవయవమట్లు కాదు. నెత్తుటి కాలువకు రెండు మూడు వెండ్రుకల మందము దూరమైనచో కణము బ్రతుకదు. ఆయకట్టు లెక్కలు వ్రాసినవాడను. కొసమడికి నీరెక్కకున్న పైరేమగునో ఎరుగుదును. పెద్దకాలువలను అచ్చొత్తగలిగిరి, పిల్లకాలువలే ఇంకను కుదురలేదు.