సాక్ష్యం ఏది?

పోటీ పరీక్షల్లో ఒక వాదన ఇచ్చి, దాన్ని బలపరిచే సాక్ష్యం ఏదని అడుగుతుంటారు. కన్నడంలో అడిగినా తెలుగులో అడిగినా మా పిల్లలు బోల్తాపడేది ఒకచోటే. అందుకని ఊరి మాటనే ప్రశ్న చేశాను.

పావగడ తాలూకాలో మా రాయచెర్లుతో కలిపి ఐదు గ్రామాల రైతులు కౌలుకిచ్చిన భూముల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు 2019లో పూర్తయింది. "ప్యానెళ్లు వచ్చాక వేడి పెరిగింది, కాబట్టి అవే కారణం." ఇదీ వాదన.

"ఊరంతా అదే అంటున్నారు" అన్న జవాబుకే ఎక్కువ చేతులు లేచాయి. అది వాదనను మళ్లీ చెప్పడమే గదా! "ఈ ఏడు ఎండ భరించలేకున్నాం" అన్నదీ చాలదు. అనంతపురంలోనూ అంతే కాయవచ్చు. ప్యానెళ్ల పక్కనా, దూరపు ఊళ్లోనూ, పార్కుకు ముందూ తరువాతా కొలిచిన లెక్కలు కావాలి. పక్కనే ఎక్కువ పెరిగి ఉంటే వాదనకు బలం.

"ముందు మన బడిలో కొలిచారా సార్?" అంది ఒక అమ్మాయి. వాళ్ల ఇల్లు పార్కు కంచె దగ్గరే. కొలవలేదన్నాను. "అయితే వేడి అబద్ధమా?" అంది. అదీ తేలదమ్మా, అన్నాను.

ఇప్పుడు బడి వరండాలో థర్మామీటరు ఉంది. మధ్యాహ్నం రెండింటికి ఆ అమ్మాయే రాస్తోంది. దూరాన ఉన్న మేనమామ ఊళ్లోనూ ఇంకొకటి పెట్టాలంటోంది.