పట్టా కాదు, చదువు కావాలె

(వరంగల్‌లో ఇంజినీరింగ్ విద్యార్థులు, ఉద్యోగులు కలిసిన సభలో మా పత్రిక తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని పిలిచిన మిత్రులు రెండు ప్రశ్నలు ముందే చెప్పిన్రు. బీటెక్ అయినంక ఏం చదవాలె? కొలువు చేసుకుంట ఎంటెక్ చదవొచ్చా, లేదా? ఉద్యమ పత్రికోళ్లకు ఎంటెక్ అడ్మిషన్లతోని ఏం పని అని కొందరు అనుకోవచ్చు. మాకు పని ఉన్నది. ఎందుకంటే మన ఉద్యమం పుట్టిందే సీటు దగ్గర, కొలువు దగ్గర. 1919 నాటి ముల్కీ ఫర్మానా కొలువుల గురించే. 1969 ఉద్యమానికి నిప్పు అంటుకున్నది పాల్వంచ థర్మల్ స్టేషన్ ఉద్యోగాల కాడ. 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు అడ్మిషన్లలో 85 శాతం సీట్లు స్థానికులవి అన్నది. 1985 డిసెంబర్ 30న వచ్చిన 610 జీవో కొలువుల్లో జరిగిన అన్యాయాన్ని సరిచేయాలని చెప్పింది. ఆ జీవో అమలు చేయమని ఎన్నేండ్లు తిరిగినమో ఈ సభలో ఉన్న పెద్దలకు తెలుసు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. విభజన చట్టం ప్రకారం పదేండ్లు సాగిన ఉమ్మడి అడ్మిషన్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. 2025లో సర్కారు స్థానికత నిబంధనలను సవరించింది. 85 శాతం స్థానికులకే ఉంచి, మిగిలిన 15 శాతం సీట్లకు కూడా తెలంగాణతో సంబంధం ఉన్నోళ్లే అర్హులని చెప్పింది. కాగితం మీద సీటు మనదైంది.

మరి సీట్లో ఎవరు కూసున్నరు? మన కాలేజీల్లో ఎంటెక్ కౌన్సెలింగ్ అయినంక సీట్లు ఖాళీగా మిగులుతున్నయి. అదే పీజీ కోసం మన పిల్లలు ఇల్లు, భూమి కుదువబెట్టి దేశం దాటుతున్నరు. మన ఉద్యోగులు ప్రమోషన్ కోసం ఎక్కడిదో పట్టా తెచ్చుకుంటున్నరు. సీటు ఉన్న కాడ మనిషి లేడు, మనిషి ఉన్న కాడ సీటు లేదు. ఈ మాట చెప్పెతందుకే మేం ఇక్కడికి వచ్చినం.

మూడు దెబ్బలు యాదికుంచుకోవాలె

ముందుగాల దెబ్బలు తిన్న కతలు చెప్పుకుందాం. మొదటిది ఉద్యోగులకు తగిలింది. 2001 తర్వాత కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇంజినీరింగ్ డిగ్రీలు ఇచ్చినయి. ల్యాబు లేదు, వర్క్‌షాపు లేదు, ఏఐసీటీఈ ఆమోదం లేదు. పగలంతా డ్యూటీ చేసే డిప్లొమా ఇంజినీర్లు అప్పో సప్పో చేసి చేరిన్రు. 2017 నవంబర్ 3న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ కేసులో ఉన్న నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలలో 2001 నుంచి 2005 దాకా చేరినోళ్ల డిగ్రీలను పక్కన పెట్టి, ఏఐసీటీఈ పెట్టే పరీక్షలో నెగ్గితేనే చెల్లుతయన్నది. తర్వాత చేరినోళ్ల డిగ్రీలు రద్దయినయి. ఆ డిగ్రీలు చూపి తెచ్చుకున్న ప్రమోషన్లు, లాభాలు కూడా పోతయని చెప్పింది. పదిహేనేండ్ల కింద చదివిన చదువుకు, నడి వయసులో మళ్ల పరీక్ష రాయాల్సి వచ్చింది. తప్పు చేసింది పట్టా అమ్మినోళ్లు. శిక్ష పడింది చదివినోళ్లకు.

రెండోది 2011 జనవరిలో. ఇక్కడ మనం సహాయ నిరాకరణకు తయారవుతున్న రోజులవి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ట్రైవ్యాలీ అనే యూనివర్సిటీని అక్కడి అధికారులు మూసేసిన్రు. అందులో చేరినోళ్లలో ఎక్కువ మంది భారతీయులు, వాళ్లలో మన తెలుగోళ్లు మస్తు మంది. కొందరి కాళ్లకు జాడ చెప్పే పట్టీలు కట్టిన్రు. చదువు చెప్పకుండ వీసా కాగితాలు అమ్ముకున్న ఆ సంస్థ యజమానికి 2014లో పదహారేండ్లకు పైగా జైలు పడింది. పిల్లల అప్పు మాత్రం పిల్లల మీదనే ఉన్నది.

మూడోది 2019 జనవరి చివర్లో. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ పేరుతోని ఒక యూనివర్సిటీ. అది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ విభాగమే వల వేసి పెట్టిన ఉత్త బోర్డు. పాఠం లేదు, పంతులు లేడు, ఫీజు మాత్రం ఉన్నది. అప్పుడు అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది మన దేశపోళ్లే.

మూడు దెబ్బలకు మూలం ఒక్కటే. చదువును పట్టాగా చూసుడు. పట్టా కావాలని మనం అడిగినం, పట్టా అమ్మెటోడు వచ్చిండు. అందుకే ఏ కోర్సుకైనా ఫీజు కట్టే ముందట మూడు ప్రశ్నలు అడగాలె. దీన్ని ఎవరు ఆమోదించిన్రు? పాఠం ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలు చెప్తరు? చదివినంక నా కొలువులో ఏం మారుతది? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాకుంటే అక్కడ రూపాయి పెట్టొద్దు.

చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

ఎంటెక్ అంటే రెండేండ్లు, నాలుగు సెమిస్టర్లు. మొదటి ఏడు పాఠాలు ఎక్కువ, రెండో ఏడు ప్రాజెక్టు పని ఎక్కువ. ఆ రెండో ఏడే ఎంటెక్‌కు ప్రాణం. ప్రాజెక్టును కొనుక్కునేటోడు ఎంటెక్ చదివినట్టు కాదు.

దీనికి పెద్ద తొవ్వ గేట్ పరీక్ష. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. ఫిబ్రవరిలో జరుగుతది. దరఖాస్తులు ముందటి ఏడాదే తీసుకుంటరు గనుక కాలేజీ నోటీసు బోర్డు కోసం ఎదురుచూడొద్దు. బీటెక్ మూడో ఏడాది పిల్లలు కూడా రాయొచ్చు. స్కోరు మూడేండ్లు చెల్లుతది. అంటే ఒక్కసారి మంచిగ రాస్తే, ఒక ఏడు కొలువు చేసి చూసి కూడా చదువుకు తిరిగి రావచ్చు. ఎన్టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటి కేంద్ర సంస్థలు ఇంజినీర్లను తీసుకునేటప్పుడు గేట్ స్కోరును చూసిన సందర్భాలున్నయి. గేట్‌తోని ఆమోదం ఉన్న కాలేజీలో రోజూ పోయే ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వస్తది. చదువుకు పైసలు ఎదురిచ్చే తొవ్వ ఇది. పేదింటి పిల్లలు దీన్ని ఇడిచిపెట్టొద్దు.

ఈ స్కోరుతోని ఎక్కడెక్కడ పోవచ్చు? మన ఊళ్లోనే ఎన్ఐటీ ఉన్నది. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలై 2002లో ఎన్ఐటీ అయింది. ఒక తేడా యాదికుంచుకోవాలె. బీటెక్‌లో సగం సీట్లు సొంత రాష్ట్రపోళ్లకు. ఎంటెక్‌లో ఆ కోటా లేదు. సీసీఎంటీ అనే కౌన్సెలింగ్‌లో దేశమంతటితోని పోటీ పడాలె. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ ఉన్నది, 2008లో వచ్చింది. అక్కడ రెండేండ్ల ఎంటెక్‌తో పాటు పరిశోధన ప్రాజెక్టులో పని చేసుకుంట మూడేండ్లు చదివే తీరు కూడా ఉన్నది. 1998లో మొదలైన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ తన పీజీ సీట్లకు సొంతంగా పరీక్ష పెడుతది. పరిశోధన మీద మనసున్నోళ్లు అక్కడి ఎమ్మెస్ సంగతి అడిగి తెలుసుకోవాలె.

గేట్ రాలేదా, దిగులు పడొద్దు. మన రాష్ట్రానికి పీజీఈసెట్ ఉన్నది. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు మార్కులు కోయరు. అర్హతకు 25 శాతం, అంటే 30 మార్కులు కావాలె. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆ కనీస నిబంధన లేదు. సీట్లు ముందుగాల గేట్ వాళ్లకు ఇచ్చి, తర్వాత పీజీఈసెట్ ర్యాంకు చూస్తరు. 1929లో పుట్టిన ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ, జేఎన్టీయూ, కాకతీయ సీట్లు ఈ తొవ్వలోనే వస్తయి. అయితే ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో హాజరు వేసుకొని ఇంట్ల కూసునే ఎంటెక్ వద్దు. ఆ కాలేజీలో మీ సబ్జెక్టుకు ప్రొఫెసర్ ఉన్నడా, ల్యాబు నడుస్తున్నదా, పోయిన బ్యాచ్ ఏం ప్రాజెక్టులు చేసింది? పోయి కండ్లతో చూసి చేరాలె.

ఎంటెక్ ఎవరికి కావాలె అనేది కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలె. ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెప్పాలంటే కావాలె. ఏఐసీటీఈ 2019 నిబంధనలు అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు బీటెక్, ఎంటెక్ రెండూ ఉండాలని, రెండిట్ల ఒకదాంట్లోనైనా ఫస్ట్ క్లాసు ఉండాలని చెప్పినయి. చిప్ డిజైన్, స్ట్రక్చర్లు, పవర్ సిస్టమ్స్ లాంటి లోతు పనికి కావాలె. బీటెక్ తర్వాత ఏం తోచక కాలం గడుపుదామనుకునేటోళ్లకు మాత్రం అక్కరలేదు. రెండేండ్లు గడిచినంక అదే ప్రశ్న మళ్ల ఎదురైతది.

కొలువు చేసుకుంట చదివే అన్నలకు, అక్కలకు

ఉద్యోగులు మమ్మల్ని అడిగేది వేరే. సెలవు పెడితే జీతం పోతది, పెట్టకుంటే చదువు పోతది. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో డ్యూటీ దిగి సాయంత్రం పూట వచ్చి మూడేండ్లలో ఎంఈ చదివిన ఇంజినీర్లు మన దగ్గర ఉన్నరు. అది మన సర్కారు యూనివర్సిటీ చేసిన మంచి పని. ఏఐసీటీఈ కూడా 2023లో ఉద్యోగుల కోసం అనువైన వేళల్లో క్లాసులు నడుపుకునే వీలు కాలేజీలకు ఇచ్చింది.

ఇంకో తొవ్వ బిట్స్ పిలానీది. 1979 నుంచి పని చేసేటోళ్ల కోసం వేరే కోర్సులు నడుపుతున్నది. గేట్ అక్కరలేదు, కొలువు అనుభవం అడుగుతరు. క్లాసులు ఎక్కువగా సెలవు రోజుల్లో ఉంటయి. ఐఐటీ హైదరాబాద్ డేటా సైన్స్‌లో ఉద్యోగులకు ఎగ్జిక్యూటివ్ ఎంటెక్ పెట్టింది. ఐఐటీ కాన్పూర్ 2022 నుంచి గేట్ లేకుండ ఈమాస్టర్స్ అనే ఆన్‌లైన్ డిగ్రీ ఇస్తున్నది. ఇయ్యన్నీ పైసలతోని పని. స్కాలర్‌షిప్ రాదు. ఇంకో సంగతి, ఈమాస్టర్స్, ఎంటెక్ పేర్లే వేరు. మీ శాఖ ప్రమోషన్ రూల్స్‌లో ఏ పేరు రాసి ఉన్నదో చూసుకోవాలె. చేరే ముందే ఆఫీసులో దరఖాస్తు పెట్టి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలె. నోటిమాట నమ్మి చేరితే రేపు సర్వీసు బుక్కులో ఎక్కదు.

పీహెచ్‌డీ చేద్దామనుకునే ఉద్యోగులకు యూజీసీ 2022 నిబంధనలు పార్ట్‌టైమ్‌కు వీలిచ్చినయి. ఆఫీసు నుంచి అభ్యంతరం లేదనే పత్రం కావాలె. దూరవిద్యలో, ఆన్‌లైన్లో పీహెచ్‌డీ చెల్లదు. ఎవరన్న ఇస్తమంటే ఆ మనిషికి దూరం జరగాలె.

పట్టాతో పని లేదు, పని నేర్చుకోవాలె అనుకునేటోళ్లకు ఎన్‌పీటెల్ ఉన్నది. ఐఐటీలు, బెంగుళూరు ఐఐఎస్సీ కలిసి పెట్టిన పాఠాలు. వినుడు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఎంటెక్‌లో చేరే ముందట ఒక్క కోర్సు ఇక్కడ పూర్తి చేసి చూడండి. డ్యూటీ చేసుకుంట పన్నెండు వారాలు చదవగలిగితే మూడేండ్లు చదవగలుగుతరు.

సముద్రం దాటేటోళ్లకు

పోవద్దని మేం అనం. ఎవరి బతుకు వాళ్లది. లెక్క వేసుకొని పొమ్మంటం. అమెరికాలో ఎమ్మెస్ అయినంక ఒక ఏడు, ఇంజినీరింగ్ వాళ్లకు ఇంకో రెండేండ్లు పని చేసే వీలును నమ్ముకొని ఇన్నాళ్లు అప్పులు చేసిన్రు. 2025 సెప్టెంబర్‌లో అక్కడి సర్కారు కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. రూల్సు రాత్రికి రాత్రి మారుతయి, బ్యాంకు వడ్డీ మారదు. జర్మనీలో చాలా సర్కారు యూనివర్సిటీలలో ట్యూషన్ ఫీజు లేదు గానీ, బతుకు ఖర్చుకు ముందే ఖాతాలో సొమ్ము చూపాలె. మన ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు విదేశీ చదువుకు సర్కారు పథకాలున్నయి, 20 లక్షల దాకా సాయం. కన్సల్టెన్సీ గడప తొక్కే ముందట సంక్షేమ శాఖ ఆఫీసుకు పోవాలె.

సర్కారును అడగాల్సింది

ఇప్పుడు అసలు మాట. రామగుండం ఎన్టీపీసీలో పని చేసే ఇంజినీర్‌కు, పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు చేసే అక్కకు, సింగరేణి గనిలో దిగే తమ్ముడికి ఎంటెక్ ఎక్కడ ఉన్నది? హైదరాబాద్‌లో ఉన్నది. వారానికి ఆరు రోజులు షిఫ్టు, ఏడో రోజు బస్సులో. ఎవరు చదువుతరు? మంథనిలో జేఎన్టీయూ కాలేజీ ఉన్నది, చుట్టూ బొగ్గు గనులే. జగిత్యాల దగ్గర నాచుపల్లిలో ఇంకోటి ఉన్నది. కొత్తగూడెం మైనింగ్ కాలేజీని 2025లో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగా మార్చిన్రు. గోడలున్నయి, ల్యాబులున్నయి. సాయంత్రం దీపం పెడితే చాలు, క్లాసు నడుస్తది.

కాబట్టి అడుగుదాం. జిల్లాల్లో ఉన్న సర్కారు ఇంజినీరింగ్ కాలేజీల్లో ఉద్యోగులకు సాయంత్రం, ఆదివారం ఎంటెక్ క్లాసులు పెట్టాలె. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపాలె, ఎందుకంటే గెస్ట్ లెక్చరర్ భుజం మీద ఎంటెక్ నిలబడదు. ఏ డిగ్రీ ప్రమోషన్‌కు చెల్లుతదో ప్రతి శాఖ జాబితా అచ్చు వేసి ఉద్యోగులకు ఇయ్యాలె. ఆ జాబితా లేకనే కదా మన ఉద్యోగులు దూరవిద్య పట్టాలకు మోసపోయింది.

ఇక్కడ ఉద్యోగ సంఘాల నాయకులున్నరు, విద్యార్థి నాయకులున్నరు. 2011 సకల జనుల సమ్మెలో మీరంతా 42 రోజులు ఒక్క తీరుగ నిలబడ్డరు. ఇప్పుడు అంత పెద్ద సమ్మె అక్కరలేదు. మీ సంఘం తరఫున ఒక వినతిపత్రం, మీ జిల్లాలో ఎంత మంది చదువుతరో పేర్లతోని ఒక పట్టిక తయారు చేయండి. ఆ పట్టిక మా పత్రికకు పంపండి. జిల్లాలవారీగా అచ్చు వేసే బాధ్యత మాది.

సీటు కొట్లాడి తెచ్చుకున్నం. ఆ సీటులో కూసోని చదివే వీలు కూడా కొట్లాడే తెచ్చుకోవాలె.

జై తెలంగాణ!