వెన్నెముక శస్త్రచికిత్స పిమ్మట పాదము వ్రేలాడుట
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సమావేశములలో పిల్లల తెలుగు చదువును గూర్చియు, పండుగల ఏర్పాటులను గూర్చియు ముచ్చటించుకొనుట వాడుక. నేడు కాలిని గూర్చి మాటలాడ దలచితిమి. మూడేండ్ల క్రిందట మాకు నడుమున శస్త్రచికిత్స జరిగినది. తొడలోని పోటు తగ్గినది గాని ఎడమ పాదము పైకి లేవకుండెను. ఇట్టి అవస్థ గలవారు మన కూరెకుప్పలోను, తోరణగల్లులోను మరికొంద రున్నారు. వారిలో కొందరు సిగ్గుపడి ఇల్లు కదలుట మానినారు. వారి కొరకే ఈ నాలుగు మాటలు.

నడుము దిగువను వెన్నుపూసల నడుమనుండి ఐదవ కటినరము వెలువడును. దాని తంతువులు పిరుదు, తొడల మీదుగా దిగి, మోకాటి వెలుపలి ప్రక్కను ఎముకను చుట్టి, పాదము నెత్తు కండరమును చేరును. ఆ త్రోవలో ఎచ్చట నరము నలిగినను బొటనవ్రేలు లేవదు. గడపయు, బస్సు మెట్టును తగిలి మనిషి బోర్లపడును. పాదమునకు స్పర్శ తగ్గుటచే చెప్పు జారినను తెలియదు. మేము రెండుమారులు ఒంటిచెప్పుతో అంగడి చేరితిమి; చూచినవారు నవ్విరి, మేమును నవ్వితిమి.

పాదము పడిపోగానే ఆపరేషను చెడినదని అందరు నందురు. అన్ని వేళల అది నిజము కాదు. వెన్నుపూసల నడుమనున్న మెత్తని బిళ్ల జారి, నరమును ముందుగనే నలిపియుండవచ్చును. శస్త్రచికిత్స వేళ నరము సాగి యుండవచ్చును. ఏది జరిగినదో తేల్చుటకు కాగితములే ఆధారము. కావున శస్త్రచికిత్సకు ముందును, పిమ్మటను పాదబల మెంత యున్నదో వైద్యునిచే వ్రాయించుకొని, ఆ పత్రములను ఇంటి దస్తావేజులవలె భద్రపరచుడు.

ఇక ఓర్పును గూర్చి. నరము కేవలము కమిలినచో కొన్ని వారములలోనో, నెలలలోనో బలము తిరిగి రావచ్చును. లోపలి తంతువులు తెగినచో అవి దినమునకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగును. అనగా నెలకు 3 సెంటీమీటర్లు. నడుమునుండి ముంగాలి కండరము వరకు గల దూరమును లెక్కించినచో ఏండ్లు పట్టునని వర్తకులమగు మనకు వేరుగ చెప్ప నక్కరలేదు. అయితే నరపు ఆజ్ఞ లేక ఒకటిన్నర, రెండేండ్లు గడచిన కండరము తిరిగి పనికివచ్చుట అరుదు. కావున కాలము నూరక పోనీయరాదు. నరముల విద్యుత్పరీక్ష చేయించి, ఏ మాత్రము ప్రాణమున్నదో తెలిసికొనవలెను.

ఈలోపున చేయవలసినవి కలవు. మడమ వెనుకటి నరము వంటి గట్టి పట్టీ కుంచించుకొనిపోయినచో, పిమ్మట కండరము కోలుకొనినను పాదము లేవదు. అందుచే కాళ్లు చాచి కూర్చుండి, తువాలును అరికాలికి చుట్టి, మెల్లగ తనవైపు లాగుకొనుట దినమునకు పలుమారులు చేయవలెను. పాదమును నిలిపి యుంచు ప్లాస్టికు కట్టును బూటులో నమర్చుకొనినచో నడక చక్కబడును. మన ఇండ్లలోను, గుళ్లలోను బూటు తొడుగము గదా. వట్టి పాదమునకు తగులుకొను మెత్తని పట్టీ యొకటి వేరుగ నుంచుకొనుట మేలు. ప్రతిరాత్రి అరికాళ్లను దీపము వెలుతురున పరీక్షింపవలెను. తిమ్మిరికాలికి వేడినీళ్ల కాపడము పెట్టరాదు, కాలినను తెలియదు. గద్దెపై గంటల తరబడి బాసీపట్టు వేసికొని కూర్చుండుటయు, పొలములో గొంతుకూర్చుని పనిచేయుటయు మోకాటి ప్రక్క నరమును నొక్కును. మేము అంగడిలో గద్దె మాని కుర్చీ వేయించుకొంటిమి. బేరము తగ్గలేదు.

రెండేండ్లకును పాదము లేవనిచో ఆశ వదలరాదు. కాలి లోపలి ప్రక్కను పనిచేయుచున్న కండరపు స్నాయువును పాదము పైభాగమునకు మార్చి కుట్టు శస్త్రచికిత్స కలదు. దీనిని మన దక్షిణదేశమున కుష్ఠరోగుల కొరకు వేలూరు, చెంగల్పట్టులలోని వైద్యులు వృద్ధి చేసిరి. చెంగల్పట్టున పనిచేసిన డాక్టరు హెచ్. శ్రీనివాసన్, ఆయన సహచరులు స్నాయువును రెండు పాయలుగ చీల్చి అమర్చు పద్ధతిని 1968లో ప్రకటించిరి. లోకము దూరముగ నుంచిన రోగుల పాదముల మీద నేర్చిన విద్య నేడు మనకు ఉపకరించుచున్నది. అట్టిచో మన పాదమును చూచి మనము సిగ్గుపడుట తగునా?

ఒక హెచ్చరిక. నడుమునొప్పి గలవారికి మూత్రము బిగిసినను, అదుపు తప్పినను, పిరుదుల నడుమ మొద్దుబారినను, రెండుకాళ్లును నీరసించినను తెల్లవారువరకు ఆగరాదు. ఆ క్షణముననే పెద్ద ఆసుపత్రికి పోవలెను.

ఇక మన సంఘ కర్తవ్యము. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. కచేరి కాగితములు మనకు కన్నడమున వచ్చుచున్నవి. ఆసుపత్రి కాగితము లాంగ్లమున నుండును. కన్నడము మన పిల్లలకు కొట్టినపిండి. తెలుగుబడిలో మాత్రమే చదివిన మన అవ్వలకు, తాతలకు వ్యాయామపు కాగితము అర్థము కాదు. తప్పుగ చేసిన వ్యాయామము కీడు చేయును. మహజరులను ఈ రాష్ట్రమున గాని, దేశమున గాని వాడుకలోనున్న ఏ భాషలోనైన సమర్పించుకొను హక్కును రాజ్యాంగపు 350వ అధికరణ మిచ్చుచున్నది. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము క్రింద వైద్యాధికారులు 40 శాతము, అంతకు మించిన లోపమని నిర్ణయించినవారికి కొన్ని ప్రత్యేక సదుపాయములు కలవు. తగిన ఆదాయపరిమితికి లోబడినవారికి ఉపకరణము లిచ్చు కేంద్రప్రభుత్వ పథకము 1981 నుండి నడచుచున్నది.

కావున మా మనవి మూడు విధములు. చదువుకొన్న యువకులు ఇట్టి కాగితములను తెలుగున వ్రాసి యిత్తురు గాక. బళ్లారి ఆసుపత్రికి తోడు పోవుటకు వంతులు వేసికొందము. ఈ సభామందిరమున చాపలతోపాటు పది కుర్చీలును, మెట్లప్రక్క పట్టుకొమ్మియు నేర్పరచుదము. ఆ కమ్మి ఖర్చు మేము భరింతుము. ఇంట కూర్చున్నవారిని వచ్చే సమావేశమునకు చేయిపట్టి తోడ్కొని రండు. జాలిమాటలు వలదు, నడచుటకు చోటిచ్చిన చాలును.

సెలవు.