ఇంజిన్ పోయిందన్నారా? విప్పే ముందు ఇవి చూడండి: షెడ్‌లో పడున్న పాత కరిజ్మా

ఇవాళ కొత్త బండి రివ్యూ కాదు, పాత బండి గురించి. నల్గొండ వైపు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఉన్నదున్నట్టు చదువుతా. "అన్నా, మా బాబాయ్ కరిజ్మా 2006 మోడల్. మూడేళ్ల నుంచి షెడ్‌లో ఉంది. మెకానిక్ వచ్చి పది నిమిషాలు సెల్ఫ్ కొట్టి, ఇంజిన్ పోయింది, బోర్ చెయ్యాలి, 22 వేలు అవుద్ది అన్నాడు. పాత సామాన్లాయన 9 వేలిస్తా అంటున్నాడు. ఆదివారం ఇచ్చేయమని నాన్న చెప్పిండు. ఏం చెయ్యమంటావ్?"

ముందు ఒక్క మాట. పది నిమిషాలు సెల్ఫ్ కొట్టి ఇంజిన్ పోయిందని ఎవరూ చెప్పలేరు. డాక్టర్ నాడి కూడా పట్టుకోకుండా ఆపరేషన్ అన్నట్టు ఉంటుంది అది. ఆ తమ్ముడికి ఇదే చెప్పా, ఆదివారం దాకా ఆగు, ఈలోపు కొన్ని చూద్దాం అని. రెండు సాయంత్రాల పని.

కరిజ్మా తెలియని పిల్లలకి రెండు ముక్కలు. 2003లో హీరో హోండా దించింది. 223 సీసీ, సింగిల్ సిలిండర్, గాలితో చల్లబడే ఇంజిన్, కార్బురేటర్. ఫ్యుయల్ ఇంజెక్షన్ వచ్చింది 2009లో జడ్‌ఎంఆర్‌తో. 2023లో హీరో వాళ్లు దించిన కరిజ్మా ఎక్స్‌ఎంఆర్ పేరుకి మాత్రమే బంధువు. ఇంజిన్ వేరు, కూలింగ్ వేరు, దాని సామాను దీనికి పట్టదు. పాతదాంట్లో కంప్యూటర్‌కి పెట్టి చూడాల్సినంత సెన్సర్ల గోల లేదు. అందుకే ఇంట్లో చేసుకోవచ్చు అంటున్నా.

ఏ పెట్రోల్ ఇంజిన్ అయినా నడవడానికి కావాల్సినవి పెట్రోల్, గాలి, సరైన టైమ్‌కి నిప్పు, లోపల ఒత్తిడి, అంటే కంప్రెషన్. బోర్ చెయ్యాలి అంటున్నారంటే కంప్రెషన్ పోయిందని అర్థం. మిగతా మూడూ చూడకుండా నాలుగోదాని మీద పడటం ఏంటి? మిగతావి చూడ్డానికి వందల్లో ఖర్చు. నాలుగోదానికి వేలు.

మూడేళ్లు నిలబడిన బండికి వెళ్లగానే సెల్ఫ్ నొక్కొద్దు. ముందు ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వచ్చినా, లెవల్ గీత పైకి ఉన్నా, కార్బురేటర్ నుంచి పెట్రోల్ కారి ఇంజిన్‌లోకి దిగిందని లెక్క. ఆ ఆయిల్‌తో స్టార్ట్ చేస్తే బేరింగులు నిజంగానే పోతాయ్. ఎలాగూ మూడేళ్ల ఆయిల్, మార్చేయండి. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉందో లేదో చూసి కొనండి. బండిలో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. తీసిన ఆయిల్ మోరీలో పొయ్యకండి ప్లీజ్, డబ్బాలో పోసి ఏదైనా సర్వీస్ షాపులో ఇవ్వండి.

ప్లగ్ తీసి ఆ రంధ్రంలో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ వదిలి కాసేపు వదిలేయండి. ఎండిపోయిన సిలిండర్ గోడకి తడి తగులుతుంది. గాలి ఫిల్టర్ డబ్బా కూడా ఇప్పుడే తెరిచి చూడండి. నవ్వకండి, షెడ్‌లో ఉన్న బండి ఫిల్టర్ డబ్బా అంటే ఎలుకలకి త్రీ బీహెచ్‌కే.

బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టండి. 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్. 12 కన్నా తక్కువ ఉంటే అది సెల్ఫ్ తిప్పే స్థితిలో లేదు. తిప్పినా నెమ్మదిగా తిప్పుద్ది, నిప్పు కూడా బలహీనంగా వస్తుంది, దాన్ని చూసి ఇంజిన్ టైట్ అయిందనుకుంటారు. వేరే మంచి బ్యాటరీ అరువు తెచ్చి పెట్టుకున్నా పర్లేదు.

ఇక నిప్పు. తీసిన ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, ప్లగ్ లోహం ఇంజిన్ హెడ్‌కి బాగా తగిలేలా ఆనించండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా, గుడ్డ కప్పి. దగ్గర్లో పెట్రోల్ ఉండకూడదు. చేత్తో పట్టుకోకండి, షాక్ కొడుతుంది. సెల్ఫ్ నొక్కితే నీలం రంగులో టక్ టక్ మని కొట్టాలి. పసుపుగా, నీరసంగా ఉంటే ప్లగ్ మార్చి చూడండి. అసలు రాకపోతే కిల్ స్విచ్ ఆన్‌లో ఉందా చూడండి. ఇది జోక్ కాదు, కిల్ స్విచ్ నొక్కి ఉన్న బండిని ట్రాలీలో వేసుకుని షాపుకి తెచ్చినోళ్లు ఉన్నారు. తర్వాత ఎలుకలు కొరికిన వైర్లు, పచ్చగా చిలుము పట్టిన కనెక్టర్లు.

తమ్ముడు చేసి వీడియో పంపాడు. నిప్పు నీలంగా బ్రహ్మాండంగా ఉంది. నేను చూసింది ఇంకోటి: అంతసేపు సెల్ఫ్ కొట్టినా ప్లగ్ పొడిగా ఉంది. పెట్రోల్ సిలిండర్ దాకా వచ్చి ఉంటే ప్లగ్ తడిగా, వాసనతో ఉండాలి. అంటే పెట్రోలే రావట్లేదు! ఇక్కడే సగం కేసు తేలిపోయింది.

ఇప్పుడు కార్బురేటర్. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతా, ఎందుకంటే నిలబడిన బండ్లలో నేను చూసినవి చాలావరకు ఇక్కడే ఆగాయి. కింద గిన్నెలా ఉంటుంది కదా, ఫ్లోట్ చాంబర్, దాని అడుగున చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. కింద గాజు సీసా పెట్టి అది వదులు చెయ్యండి. స్టీల్ గ్లాస్ కాదు, గాజుదే, లోపల ఏముందో కనపడాలి. తమ్ముడికి వచ్చింది ఏంటంటే పైన టీ రంగు పెట్రోల్, అడుగున నీళ్లు, నీళ్లలో ఎర్రటి తుప్పు పొడి.

ఆ నీళ్లు ఎక్కడివి? ఇప్పుడు మన బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. రోజూ తిరిగే బండిలో అంత టైమ్ ఉండదు. నెలల తరబడి నిలబడితే మాత్రం ట్యాంక్ అడుగున తుప్పు మొదలు. 2006 బండిలో రబ్బరు పైపులు, సీళ్లు ఈ20 కోసం చేసినవి కావు. పైపు నొక్కితే మెత్తగా ఉబ్బినట్టున్నా, వంచితే పగుళ్లు కనపడినా మార్చేయండి. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కార్బురేటర్ దింపేటప్పుడు ప్రతి పైపు ఎక్కడ ఉందో తీసే ముందే ఫోన్‌లో ఫోటో కొట్టండి. రీల్స్‌కి వాడే ఫోన్ ఒక్కరోజు దీనికి వాడండి. స్క్రూలు పెట్టుకోవడానికి ఇడ్లీ ప్లేటు కన్నా మంచి ట్రే లేదు, వరసగా గుంటలు ఉంటాయి. అమ్మకి చెప్పి పాతది తీసుకోండి, లేకపోతే తర్వాత జరిగేదానికి నా బాధ్యత లేదు. స్క్రూడ్రైవర్ విషయంలో జాగ్రత్త. జపాన్ డిజైన్ బండ్లలో స్టార్ స్క్రూలు చాలావరకు జేఐఎస్ రకం, మనింట్లో ఉండే మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ వాటిలో సరిగ్గా కూర్చోదు. జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ ముక్క విడిగా దొరుకుతుంది, కొనుక్కోండి.

లోపల మనకి కావాల్సినవి రెండు జెట్లు. పెద్దది మెయిన్ జెట్, సన్నది పైలట్ జెట్. ఐడ్లింగ్, స్టార్టింగ్ పైలట్ జెట్ చూసుకుంటుంది, దాని రంధ్రం వెంట్రుకలా ఉంటుంది. ఎండిన పెట్రోల్ జిగురు ముందు మూసేది దాన్నే. చోక్ వేస్తే స్టార్ట్ అయి, చోక్ తీయగానే ఆగిపోయే బండి ఉందంటే ముందు అనుమానం దాని మీదే. వెలుతురుకి పెట్టి చూడండి, గుండ్రటి చుక్క కనపడాలి. కార్బ్ క్లీనర్ కొట్టి నానబెట్టి మళ్లీ కొట్టండి, కళ్లకి అద్దాలు పెట్టుకోండి, వెనక్కి చిమ్ముతుంది. పిన్నీసు, సూది పెట్టి పొడవొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ పారేయాల్సిందే. మరీ మొండిగా ఉంటే కరెంట్ వైర్‌లో ఒక సన్నటి రాగి పోగు చాలు.

మిక్స్చర్ స్క్రూ తీసే ముందు నెమ్మదిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆనిందో లెక్కపెట్టి రాసుకోండి. మళ్లీ అన్ని చుట్లే వెనక్కి రావాలి. పైన మూత కింద నల్లటి పల్చటి రబ్బరు ఉంటుంది, డయాఫ్రమ్. దాని మీద క్లీనర్ పడనివ్వొద్దు, ఉబ్బిపోతుంది. వెలుతురుకి పట్టి సూది బెజ్జం ఉందేమో చూడండి. అది చిరిగితే ఐడ్లింగ్ బాగానే ఉంటుంది కానీ యాక్సిలరేటర్ తిప్పినా బండి లేవదు.

ట్యాంక్ శుభ్రం చెయ్యకుండా కార్బురేటర్ బిగించారనుకోండి, వారంలో మళ్లీ మొదటికే. నిమ్మ ఉప్పు వేడి నీళ్లలో కలిపి ట్యాంక్ నిండా పోసి ఒక రాత్రి ఉంచండి. పెట్రోల్ ట్యాప్, మూత ముందే తీసి రంధ్రం మూసేయాలి. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే కడగండి. పొద్దున్న ఒంపేసి, వంట సోడా నీళ్లతో కడిగి, మంచి నీళ్లతో కడిగి, అప్పటికప్పుడు ఎండలో ఆరబెట్టండి. ఆరగానే కొంచెం ఆయిల్ వేసి లోపలంతా తిప్పండి. తడిగా గంట వదిలేసినా కొత్త తుప్పు వచ్చేస్తుంది.

ఇవన్నీ అయ్యాక తమ్ముడి బండి నాలుగో సెల్ఫ్‌కి అందుకుంది. మొదట తెల్లపొగ, అది సైలెన్సర్‌లో చేరిన తేమ, ప్లగ్ రంధ్రంలో పోసిన ఆయిల్. రెండు నిమిషాల్లో పోయింది. పొగ నీలంగా ఉండి, వేడెక్కాక కూడా ఆగకుండా వస్తుంటే అప్పుడు ఆయిల్ కాలుతున్నట్టు, రింగులో వాల్వ్ సీళ్లో చూడాలి. నల్లపొగ అయితే పెట్రోల్ ఎక్కువ పోతోంది.

అయినా అనుమానం మిగిలితే కంప్రెషన్ గేజ్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లండి. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి రీడింగ్ తీయాలి. తక్కువ వస్తే ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ తీయమనండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులు, బోర్ అరిగినట్టు. పెరగకపోతే వాల్వ్‌లు. ట్యాపెట్ సందు మరీ బిగుతుగా ఉన్నా కంప్రెషన్ తక్కువే చూపిస్తుంది, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజ్‌తో సరిచేస్తే అయిపోద్ది. "అన్నా, రీడింగ్ ఎంత వచ్చింది?" అని అడగండి. నెంబర్ చెప్పకుండా బోర్ అనే వాళ్లకి బండి ఇవ్వకండి.

స్టార్ట్ అవ్వగానే తమ్ముడు అడిగింది "అన్నా, ఒక రౌండ్ వేసి రానా?" అని. వద్దురా బాబూ! ఇది వంద దాటి తేలిగ్గా పోయే బండి, ఆపేవి మూడేళ్లుగా కదల్లేదు.

ముందు డిస్క్ బ్రేక్. బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీలుస్తుంది, అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. తేమ ఉన్న ఆయిల్ గట్టిగా బ్రేక్ వేసినప్పుడు వేడికి మరిగి బుడగలు కడుతుంది, లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి ఆగదు. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పొయ్యండి. ఇంజిన్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి బ్రేక్ పట్టేస్తుంది. గాలి తీసేటప్పుడు వరస తప్పొద్దు: లివర్ నొక్కి పట్టుకో, నిపుల్ వదులు చెయ్, ఆయిల్ వస్తుంది, నిపుల్ బిగించు, అప్పుడు లివర్ వదులు. పై డబ్బా ఖాళీ అవ్వనివ్వొద్దు, అయితే మళ్లీ గాలి దూరుతుంది. ఈ ఆయిల్ ట్యాంక్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, పక్కన నీళ్ల మగ్గు పెట్టుకోండి. చక్రం ఎత్తి తిప్పితే బ్రేక్ వదిలాక తేలిగ్గా తిరగాలి. పట్టేస్తుంటే క్యాలిపర్ పిస్టన్, పిన్నులు తుప్పు పట్టాయి. అది చేతకాకపోతే షాపుకే ఇవ్వండి, ఇందులో నామోషీ ఏం లేదు. వెనక డ్రమ్ తెరిచి దుమ్ము తుడిచి లైనర్ మందం చూస్తే చాలు.

టైర్లలో గాడి ఉంది కదా అని మోసపోకండి. పక్కన డాట్ అని రాసి చివర్లో నాలుగంకెలు ఉంటాయి. 2316 అంటే 2016లో 23వ వారం తయారైంది. ఆ తమ్ముడి వెనక టైర్ అదే. గోరు దిగట్లేదు, రాయిలా ఉంది. వానలో అలాంటి టైర్ మీద వంపు తిరగడం అంటే సబ్బు మీద నడవడమే. రెండూ మార్పించా.

చైన్ గురించి పోయిన వీడియోలో చెప్పా, ఒక్కటే మళ్లీ చెప్తా: ఇంజిన్ ఆన్‌లో పెట్టి గేర్ వేసి చైన్ తుడవొద్దు. వేళ్లు పోతాయ్.

సామాను హైదరాబాద్‌లో అయితే పుత్లీబౌలి, విజయవాడ వైపు వాళ్లకి ఆటోనగర్. పాత పార్ట్ చేత్తో పట్టుకెళ్లి పక్కన పెట్టి చూసుకుని కొనండి. బ్రేక్ ప్యాడ్లు, కేబుళ్లు మాత్రం సగం ధరకి వస్తున్నాయని పేరు లేని బ్రాండ్ తీసుకోవద్దు.

ఖర్చు అడుగుతారు కదా. ఆ బండికి ఆయిల్, ప్లగ్, పైపులు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, రెండు టైర్లు, అన్నీ కలిపి 9 వేలు దాటలేదు. అందులో సగానికి పైగా టైర్లే. ఇంజిన్ మీద పెట్టింది వెయ్యి లోపే. ముందు షాక్ సీళ్లు కారుతున్నాయి, అవి వచ్చే నెల జీతానికి.

ఇంకోటి మర్చిపోవద్దు, కాగితాలు. సొంత వాడకం బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. 2006 బండికి అది 2021లోనే అయిపోయింది. రెన్యువల్ చేయిస్తే ఐదేళ్లు ఇస్తారు. అది లేకుండా రోడ్డెక్కితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కే, కాబట్టి ఆర్టీవో ఆఫీసుకి ట్రాలీ ఆటోలో తీసుకెళ్లమన్నా. బండి బాబాయ్ పేరు మీద ఉంది, ఆయన సంతకం కావాలి. లైట్లు, ఇండికేటర్లు, హారన్, అద్దాలు పనిచేయాలి. పొల్యూషన్ టెస్ట్‌లో ఈ కాలపు ఫోర్ స్ట్రోక్ బండికి కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం దాటకూడదు. ఎక్కువ చూపిస్తే ఇందాక చుట్లు లెక్కపెట్టిన మిక్స్చర్ స్క్రూ ఉంది కదా, ఇంజిన్ బాగా వేడెక్కాక దాన్ని పావు చుట్టు చొప్పున తిప్పి మళ్లీ టెస్ట్ పెట్టించండి.

మీ ఇంట్లో ఇలా నిలబడిన బండి ఉంటే మోడల్, ఏ సంవత్సరం, ప్లగ్ తీసినప్పుడు తడిగా ఉందా పొడిగా ఉందా, ఈ మూడూ రాసి కామెంట్ పెట్టండి. ఉత్త "స్టార్ట్ అవ్వట్లేదు అన్నా" అని పెడితే నేనేం చెప్పలేను. వచ్చే వారం ఫోర్క్ సీళ్లతో కలుద్దాం. ఉంటా మరి.