వంపుల చుట్టూ నున్నటి గీత

ఇత్తడి చెంబు ఫొటోలోంచి చెంబును మాత్రమే విడదీయాలనుకోండి. చాలామంది ఫొటో ఎడిటర్‌లో లాసో టూల్ తీసుకుని మౌస్‌తో అంచు వెంట గీస్తారు. చెయ్యి కాస్త వణికినా అంచు రంపపు పళ్లలా తేలుతుంది.

వంపులకు సరైన పనిముట్టు ఫొటోషాప్‌లో పెన్ టూల్, ఉచితంగా దొరికే గింప్‌లో పాత్స్ టూల్. అంచు మీద నొక్కితే చుక్క పడుతుంది, బటన్ వదలకుండా లాగితే దానికి రెండు వైపులా పిడులు వస్తాయి. ఆ పిడులు, వంపు అక్కడ సాగే దిశలోనే ఉండాలి. చుక్కలు ఎంత తగ్గితే గీత అంత నునుపు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే అంచు కుదరకపోతే మనం చేసే మొదటి పని మరో చుక్క పెట్టడం. అది వద్దు, పిడిని సర్దండి. పూర్తి వృత్తానికైనా నాలుగు చుక్కలు చాలు. చెంబు మూతి దగ్గరి మూలలో మాత్రం చుక్క తప్పదు.

పిడులతో వంచే ఈ గీతలు కార్ల కంపెనీల నుంచి వచ్చాయి. ఫ్రాన్స్‌లో, సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో 1959లో, తర్వాత రెనోలో పియెర్ బెజియే, కారు ఒంటి వంపులను లెక్కల్లో పట్టడానికి వీటిని వాడారు.

మళ్లీ చెంబు దగ్గరికి వస్తే, గీత చివరను మొదటి చుక్కతో కలిపి సెలెక్షన్‌గా మార్చండి. అంచును మెత్తబరిచే ఫెదర్‌ను ఒక పిక్సెల్ దాటనివ్వకండి. గీతను అంచుకు వెంట్రుకవాసి లోపలగా నడిపితే, వెనకటి గోడ రంగు చెంబుకు అంటుకుని రాదు.